క్రేను ఆపరేటర్ల వెనక వరస

కుముదిని క్లబ్బులకి ఫుట్‌బాల్ ఆడటం మొదలుపెట్టి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో ఆమె ఒక్క గోలూ వెయ్యలేదు. సెలవులకి స్టీలు ప్లాంటున్న భిలాయికి, ఇంటికి వచ్చిన ప్రతిసారీ ప్లాంటు క్వార్టర్ల సెక్టారులో ఎవరో ఒక పిన్ని కూరల సంచీతో ఎదురుపడి, "ఈసారి ఎన్ని గోల్సేసినావే?" అని అడుగుతుంది. "నేను డిఫెండర్ని పిన్నీ. వెయ్యను, ఆపుతాను" అని కుముదిని చెబుతుంది. "పోన్లేమ్మా, బెంగెట్టుకోకు, వచ్చే ఏడు ఏద్దువుగాని" అని ఓదార్చి ఆ పిన్ని వెళ్ళిపోతుంది.

ఈ జూన్‌లో మాత్రం నిజంగానే ఓదార్పు కావలసి వచ్చింది. మంగళవారం పొద్దున్న టీ తాగుతుంటే మార్యెటా నుంచి మెసేజి వచ్చింది. స్లొవేనియాలో కుముదిని రెండేళ్ళుగా ఆడుతున్న క్లబ్బుకి ఆవిడ కొత్త కోచ్. ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నీ పోయిన సీజను ఆటలన్నీ చూశాను" అని రాసింది ఆవిడ. "కాళ్ళు మంచివి, బుర్ర మంచిది. కానీ నువ్వు వెనక వరసని నడిపించడం లేదు. నడిపించని సెంటర్ డిఫెండర్ నాకు వద్దు. నడిపించగలవని చూపించే వీడియో ఒక్కటుంటే ఆదివారం లోగా పంపు. ఎవరితో ఆడినా సరే. లేకపోతే నీ చోట్లో వేరే అమ్మాయిని తీసుకుంటాను."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కుముదిని చిన్నప్పుడు సెక్టారు గ్రౌండులో మగపిల్లలతో ఆడేది. వాళ్ళందరికీ గోలు వెయ్యాలనే ఉండేది కాబట్టి ఆడపిల్లని వెనక నిలబెట్టారు. అక్కడ నిలబడే రాష్ట్రం జట్టుకి వెళ్ళింది, ఒడిశాలో ఒక క్లబ్బుకి మూడేళ్ళు, కేరళలో ఇంకో క్లబ్బుకి అయిదేళ్ళు ఆడింది. కేరళలో మలయాళం రాకపోయినా హిందీతో నెట్టుకొచ్చింది. స్లొవేనియాలో అది కుదరలేదు. కుడివైపు డిఫెండరు హంగరీ అమ్మాయి, ఎడమవైపు బ్రెజిల్ అమ్మాయి, పక్కన ఆ ఊరి పిల్ల, గోలు కాసే గోలీది ఘనా దేశం. కుముదిని ఆ ఊరి మాటలు కష్టపడి అరవై నేర్చుకుంది గానీ, బంతి మీదికొచ్చేసరికి ఆ అరవైలో ఒక్కటీ నోటికి రాదు. పోయిన సీజను చివరి మేచ్‌లో తెలుగూ హిందీ ఇంగ్లీషూ ఒకే ఊపిరిలో అరిచింది. నలుగురూ ఏమిటన్నట్టు ఆమెకేసి తిరిగి చూశారు. వాళ్ళలా చూస్తుండగానే బంతి గోల్లోకి వెళ్ళిపోయింది. అంతకు ముందూ అరిచింది తక్కువే. ఆ తరవాత అదీ మానేసింది.

ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఈ క్లబ్బు పోతే మరో దేశం నుంచి పిలుపు రాదని ఆమెకి తెలుసు. అమ్మ వనజాక్షికి కూడా తెలుసు. అందుకే పక్కనున్న దుర్గ్‌లో ఒక స్కూలు పీటీ టీచరు ఉద్యోగానికి ఫారం తెచ్చి, నింపి, సంతకం కోసం ఫ్రిజ్ మీద పెట్టింది.

నాన్న గురునాథరావు మెసేజి మొత్తం చదివించుకుని విన్నాడు. ఆయన ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో సిగ్నల్ మేన్‌గా చేసి రిటైరయ్యాడు. పైన క్రేను కేబిన్లో ఆపరేటరు ఉంటాడు, కింద నేల మీద సిగ్నల్ మేన్ ఉంటాడు. ఆ చప్పుడులో మాట వినబడదు. కింద వాడు చేతులతో చెబుతాడు, పైవాడు చేస్తాడు.

"మాటాడనేదంటదేటి ఆవిడ?" అన్నాడు గురునాథరావు. "ముప్పై రెండేళ్ళు నాను ఒక్క మాటా ఆడకుండా టన్నులకి టన్నులు ఎత్తించినాను, దించినాను. ఒక్కడి కాలి మీదా పడనేదు."

"అది క్రేను, నాన్నా."

"అయితే ఏటి? ముందుకెల్లమంటే ముందుకెల్లాల, పక్కకి జరగమంటే జరగాల, ఆగమంటే ఆగాల. నీ బంతాటలో ఇంకేటుంటది?"

 కుముదిని టీ గ్లాసు కింద పెట్టింది. అసలు ఆ ఇంట్లో సగం మాటలు చేతులతోనే నడుస్తాయి. వేలు కిందికి చూపించి గుండ్రంగా తిప్పితే కుక్కరు దించమని, బొటనవేలు పక్కకి పొడిస్తే ఆ కుర్చీ ఇటు జరపమని. పదేళ్ళు ఎక్కడెక్కడో భాషల కోసం వెతుక్కుంది గానీ, ఇంట్లో ఉన్న భాష ఆమెకి గుర్తే రాలేదు.

అంతే, టీ గ్లాసు అక్కడే వదిలేసి గ్రౌండుకి పరిగెత్తింది. సాయంత్రానికి ఏడుగురు కుర్రాళ్ళు దొరికారు, గోలీతో సహా. అవతలి జట్టుగా ఆడటానికి పక్క ఊరు ఉతై కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. ఇక కావలసింది వెనక వరసలో తనతో పాటు ముగ్గురు.

"డిఫెండర్ ఎవరు ఆడతారు?" అని అడిగింది.

"మై నంబర్ టెన్, దీదీ" అన్నాడు ఒకడు. "మై భీ" అన్నాడు రెండోవాడు. గోలీ తప్ప అందరూ ముందుండి గోల్సేసే నంబర్ టెన్లే.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే గురునాథరావు చెప్పులేసుకుని బయటికెళ్ళాడు. అరగంటలో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. తాతబ్బాయికి అరవై ఆరేళ్ళు, పొడుగాటి మనిషి, నోరు ఆగదు. చిట్టిబాబుకి అరవై మూడు, మనిషి గుండ్రం. గోపాలానికి అరవై ఎనిమిది. షుగరు వల్ల డాక్టరు రోజూ అయిదు మైళ్ళు నడవమంటే ఆరు నడుస్తాడు. ముగ్గురూ క్రేను ఆపరేటర్లే. ఇరవై ఏళ్ళు పైనుంచి గురునాథరావు చేతులకేసి చూస్తూ బతికినవాళ్ళు.

కుముదిని వాళ్ళ మోకాళ్ళకేసి చూసింది. "మావయ్యా, మీరు ఎప్పుడైనా ఫుట్‌బాల్ ఆడారా?"

"నేదు" అన్నాడు తాతబ్బాయి. "అందుకే సెడు అలవాట్లేటీ నేవు మాకు."

మర్నాటి సాయంత్రం ప్రాక్టీసు. వరస మొత్తం ముందుకీ వెనక్కీ కదలడానికి ఒక సైగ, కుడికీ ఎడమకీ జరగడానికి ఇంకోటి, నెమ్మది అనడానికి మరోటి. కుముదిని చెప్పాల్సిన పనే లేదు, అన్నీ వాళ్ళకి తెలిసినవే.

"బంతికేసి చూడకండి, నా చేతులకేసి చూడండి" అంది.

"మేం ఎత్తే సరుకు కేసి ఎప్పుడు సూసినామే గుంటా?" అన్నాడు గోపాలం.

తీరా మొదలుపెట్టాక ముగ్గురూ ఆమె చేతులకేసి కాకుండా గీత బయట నిలబడ్డ గురునాథరావు చేతులకేసి చూడటం మొదలెట్టారు. ఆయన మెడ గోక్కుంటే గోపాలం ఎడమకి పరిగెత్తాడు. ఆయన ఈగని తోలితే వరసంతా వెనక్కి పోయి గోలీని గుద్దుకుంది. గోలీ కింద పడ్డాడు.

"నాన్నా! చెయ్యి కదపకు!"

"దోమ కుట్టిందే!"

"కుట్టనీ!"

తాతబ్బాయి నడుం పట్టుకుని నిలబడ్డాడు. "బావా, ఇది పద్దతి కాదు. ఒక క్రేనుకి ఇద్దరు సిగ్నల్ మేన్లేటి? ఎవరో ఒకరు దిగిపోవాల."

 గురునాథరావు గ్రౌండులోకి నడిచొచ్చి, మిల్లులో షిఫ్టు మారేటప్పుడు చేసినట్టే, కూతురి ముందు నిలబడి భుజం తట్టాడు. "చార్జి ఇచ్చీసినాను. ఈ పొద్దునుంచి సిగ్నల్ నీదే." వెనక్కి తిరిగి ఆ ముగ్గురికీ ఆమెని చూపించాడు. ముగ్గురూ తలూపారు. అంతే. ఆ క్షణం నుంచి ఆయన గీత బయట గంతులేసినా ఒక్కడూ అటు చూడలేదు. కుముదిని తనకి తెలియకుండానే నిటారుగా నిలబడింది. కెప్టెన్ పట్టీ కట్టినప్పుడు కూడా ఆమె అలా నిలబడలేదు.

అయినా మంచిదని, మేచ్ రోజు ఆయన చేతులు ఖాళీగా ఉండకుండా ఫోన్ ఇచ్చి వీడియో తియ్యమన్నారు.

ఆదివారం పొద్దున్న ఆరుగంటలకి దుర్గ్ నుంచి రిఫరీ అపర్ణ దీదీ స్కూటీ మీద దిగింది. రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. సుపేలా బజారులో అచ్చు వేయించిన పసుపు జెర్సీలు పంచుతుంటే చిట్టిబాబు తనకి పదో నంబరే కావాలని పట్టుబట్టాడు. "డిఫెండరుకి పది ఉండదు మావయ్యా" అంటే, "అయితే నాను ఇంటికెల్తాను" అన్నాడు. ఇచ్చేశారు.

ఉతై జట్టు కెప్టెన్ రాజేంద్ర, పదిహేడేళ్ళవాడు, మెరుపులా పరిగెడతాడు. వెనక వరసని చూసి వాడికి నవ్వాగలేదు. "దాదాజీ, ధీరే ఖేలేంగే" అని హామీ ఇచ్చాడు. కానీ నెమ్మదిగా ఆడలేదు. పదిహేను నిమిషాల్లో మూడు గోల్స్ వేశాడు.

తప్పు సైగలది కాదు. కుముదిని చెయ్యి ఎత్తితే వరస ముందుకెళ్ళింది, దించితే వెనక్కొచ్చింది. ముగ్గురూ తాడు కట్టినట్టు కలిసి కదులుతున్నారు, కలిసి రొప్పుతున్నారు. ఈలోగా రాజేంద్ర పక్కనుంచి వెళ్ళిపోతున్నాడు.

"మనం క్రేనులం, ఆడు మోటారు సైకిలు" అన్నాడు తాతబ్బాయి ఆయాసపడుతూ.

 కుముదినికి ఫ్రిజ్ మీది ఫారం కళ్ళముందు ఆడింది. మూడు గోల్స్ తిన్న వీడియో చూసి ఏ కోచ్ పిలుస్తుంది?

సరిగ్గా అప్పుడు గురునాథరావు ఎత్తునుంచి తీద్దామని స్టూలెక్కాడు. మెత్తటి నేలలో స్టూలు కాలొకటి దిగబడింది. మజ్జిగ జగ్గుతో పక్కనున్న వనజాక్షి చూసింది. జగ్గు వదిలేసి, చేతులు రెండూ బారచాపి, అరచేతులు కిందికి పెట్టి అటూ ఇటూ ఊపింది. ఆ సైగకి అర్థం ఆగమని. మిల్లులో మిగతా సైగలన్నీ సిగ్నల్ మేన్ ఒక్కడే ఇవ్వాలి. ఈ ఒక్కటి మాత్రం ఎవరైనా ఇవ్వొచ్చు. ఊడ్చేవాడిచ్చినా, టీ తెచ్చినవాడిచ్చినా, ఆపరేటరు కారణం అడగడు. ముందు ఆపుతాడు.

ఆపేశారు. తాతబ్బాయి, చిట్టిబాబు, గోపాలం ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. గోపాలమైతే ఒంటికాలి మీద. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి కుముదినీ ఆగిపోయింది. వీళ్ళు వెనక్కి వస్తారనుకుని పరిగెత్తుతున్న రాజేంద్ర ఒక్కడే వాళ్ళని దాటి ముందుకెళ్ళిపోయాడు. అప్పుడు బంతి వచ్చింది. గోల్లోకి తన్నాడు, చొక్కా ఎత్తి డేన్సు మొదలెట్టాడు.

విజిలు మోగింది. అపర్ణ చెయ్యి పైకెత్తి ఉంది. "ఆఫ్‌సైడ్."

"కా హోగిస్ దీదీ?" అని ఏమైందో తెలియక అడిగాడు రాజేంద్ర, చొక్కా మొహం మీదే ఉండగా.

"బంతి ఇచ్చేటప్పుడు నీకూ గోలుకీ మధ్య గోలీ ఒక్కడే ఉన్నాడు బేటా. చెల్లదు" అని హిందీలో చెప్పింది అపర్ణ.

కుముదిని బురదలో అలాగే నిలబడిపోయింది. ఈ ఎత్తు ఆమెకి కొత్త కాదు, ప్రపంచంలో ప్రతి డిఫెండరుకీ తెలిసినదే. నలుగురూ ఒక్క రెప్పపాటులో ఆగాలి. ఒక్కరు అరడుగు ఆలస్యమైనా కొంప మునుగుతుంది. పదేళ్ళలో, రెండు దేశాల్లో, నలుగురు మనుషులు ఒక్క ఊపిరిలో ఆగడం ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది. అదీ అరవైలు దాటిన వాళ్ళు, అదీ మజ్జిగ తెచ్చిన అమ్మ ఆపితే!

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముగ్గుర్నీ దగ్గరికి పిలిచింది. "మావయ్యా, ఆగే సైగ మనలో ఎవరైనా ఇవ్వొచ్చు. వాడు ఉరకబోతున్నాడనిపిస్తే చాలు."

"ఎవరైనానా?" అన్నాడు చిట్టిబాబు. అతని కళ్ళు మెరిశాయి. ఇరవై ఏళ్ళు పైన కూర్చుని ఒకరి మాట విన్నవాడు కదా.

ఇక చూడండి. ముందు తాతబ్బాయి చేతులు చాపాడు, ఆఫ్‌సైడ్. తరవాత గోపాలం, ఆఫ్‌సైడ్. చిట్టిబాబు అయితే ఊరికే ఉండలేక చాపాడు, అదీ ఆఫ్‌సైడే. రాజేంద్ర నెత్తి పట్టుకున్నాడు, నేలని తన్నాడు, అపర్ణ దీదీకి దండం పెట్టాడు. చివరికి వాడికి ఆ సైగంటే ఎంత భయం పట్టుకుందంటే, గీత బయట ఎవరో ఒళ్ళు విరుచుకుంటే బంతి కాలి దగ్గరుంచుకుని వాడే ఆగిపోయాడు. గోపాలం వెళ్ళి మర్యాదగా బంతి తీసుకున్నాడు.

"అంకుల్, యే చీటింగ్ హై!"

"డ్యూటీ హై, బేటా" అన్నాడు గోపాలం.

ఒక్కటే దెబ్బ తగిలింది. రెండో సగంలో గోపాలానికి షుగరు పడిపోతుందేమోనని వనజాక్షికి బెంగ పట్టుకుంది. మజ్జిగ ఇవ్వడానికి మళ్ళీ చేతులు చాపింది. వరస ఆగింది. ఈసారి రాజేంద్ర వాళ్ళనింకా దాటలేదు, బంతి వాడి కాలి దగ్గరే ఉంది. తాపీగా దాటుకుని నాలుగో గోలు వేశాడు.

"అమ్మా!"

"మనిసి కంటే గోలు ఎక్కువేటే?" అంది వనజాక్షి, గ్లాసు అందిస్తూ.

ఆట నాలుగు-ఒకటితో ఓడిపోయారు. ఆ ఒకటి సెక్టారు కుర్రాళ్ళలో ఒక నంబర్ టెన్ వేశాడు. అయినా ముగ్గురు పెద్దలూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగారు. ఎన్ని ఆఫ్‌సైడ్లో లెక్క మీద దెబ్బలాడుకున్నారు. తాతబ్బాయి పద్నాలుగన్నాడు. అపర్ణ పదకొండంది.

కుముదిని ఫోన్ తీసుకుని వీడియో చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"నాన్నా, బంతేదీ?"

"ఏ బంతి?"

"ఆడిన బంతి! ఒక్కసారైనా కనిపించదేం? మొత్తం నేనూ, మావయ్యలే ఉన్నాం. గోల్స్ లేవు, రాజేంద్ర లేడు. మధ్యలో మూడు సెకన్లు ఆకాశం ఉంది."

"అది స్టూలు పడినప్పుడు" అన్నాడు గురునాథరావు. ఆయనకి తప్పేమిటో నిజంగా అర్థం కాలేదు. "సిగ్నలిచ్చే మనిసి సేతులూ, ఇనే మనిసీ. ఆ రెండే కదేటి సూడాల్సింది? మజ్జిలో బంతి సంగతి మనకేల?"

మళ్ళీ మేచ్ ఆడటానికి టైము లేదు. చిట్టిబాబు అప్పటికే మంచమెక్కి మోకాళ్ళకి బామ్ రాయించుకుంటున్నాడు. కుముదిని కళ్ళు మూసుకుని, బంతి లేని ఆ తొంభై నిమిషాల ఫుట్‌బాల్ మేచ్‌ని మార్యెటాకి పంపేసింది. "మేచ్ నాలుగు-ఒకటితో ఓడిపోయాం" అని కింద నిజం రాసింది. సోమవారం రోజంతా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళడం, రావడం. సాయంత్రం ఫారం తీసి సంతకం కూడా పెట్టేసింది. వనజాక్షి అది చూసి, రాత్రి వంకాయ వేపుడు రెట్టింపు చేసింది.

మంగళవారం సాయంత్రం ముగ్గురూ గురునాథరావు వరండాలో పకోడీలు తింటుంటే ఫోన్ మోగింది. మార్యెటా మెసేజి, పొడుగ్గా ఉంది. కుముదిని నిలబడే చదివి, తెలుగులో చెప్పసాగింది.

"'పదిహేడేళ్ళుగా కోచింగ్ చేస్తున్నాను. బంతి కనబడని మేచ్ వీడియో నాకు ఎవరూ పంపలేదు. మొదట కోపం వచ్చింది. పది నిమిషాలయ్యాక ఆపలేకపోయాను. బంతి లేదు కాబట్టి నేను చూడాల్సింది మాత్రమే చూశాను. నలుగురు ఒక్క మనిషిలా కదిలారు. వాళ్ళ వయసు చూస్తే భయం వేసింది గానీ...'"

"భయవేటి?" అన్నాడు తాతబ్బాయి.

"ఉండవోయ్, సదవనీ!" అన్నాడు గోపాలం.

"'మా అమ్మాయిలకి ఆ సైగలన్నీ నేర్పాలి. సీజను మొత్తానికి ఒప్పందం పంపుతున్నాను. పది రోజులు ముందుగా రావాలి, శనివారానికి ఇక్కడుండు. ఇంకో మాట. ఆ పదో నంబరాయన క్రమశిక్షణ నాకు బాగా నచ్చింది.'"

చిట్టిబాబు చేతిలో పకోడీ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఇంకోపాలి సదువు. సివరాకరిది."

కుముదిని చదవలేదు. ఫోన్ గాల్లోకి విసిరింది, పట్టుకుంది, వాళ్ళమ్మని నడుం పట్టుకుని ఎత్తి గిర్రున తిప్పింది. "దించవే, దించు, పప్పు మాడిపోతంది!" అని వనజాక్షి కేకలేస్తోంది గానీ దిగే ప్రయత్నమేమీ చెయ్యడం లేదు. గురునాథరావు గోడ కేసి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

అంత సంబరంలోనూ గోపాలం ఒక్కడే నవ్వలేదు. వేళ్ళ మీద రోజులు లెక్కెట్టి, "శనివారానికి అక్కడుండాలంటే, ఆదివారం నువ్విక్కడ ఉండవన్నమాట" అన్నాడు.

"ఉండను మావయ్యా. ఏం?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఉతైవోళ్ళకి మాటిచ్చీసినాం కదే" అన్నాడు తాతబ్బాయి బాధగా. "ఆదివారం మళ్ళీ ఆడతామని. ఆ రాజేంద్రగాడు ఊరంతా సెప్పీసుకున్నాడు. ఇప్పుడు వెనకాల ముగ్గురమే అయిపోనాం. నువ్వేటే, ఇంత అన్నేయం సేత్తావు?"

 తాతబ్బాయి ఇంకో పకోడీ నోట్లో వేసుకుని, గోడ దగ్గరున్న గురునాథరావు వైపు నెమ్మదిగా తిరిగాడు.

"బావా," అన్నాడు, "నీ కాలికి ఏ సైజు బూటు పడతాది?"